వైర్‌లెస్ అడ్‌హాక్ నెట్‌వర్కుల మనుగడ: నమూనాలును, వాదములును

టవరుగాని, తంతిగాని, నడుమ నిలిచి శాసించు యంత్రముగాని లేకుండ, చేతిలోనో వాహనముమీదనో ఉన్న రేడియో పరికరములే ఒకదాని సందేశము నొకటి అందుకొని ముందునకు పంపుకొనుచు అల్లుకొను వలను వైర్‌లెస్ అడ్‌హాక్ నెట్‌వర్కు అందురు. ఇల్లు కాలునపుడు బావినుండి మంటవఱకు వరుసగా నిలిచి కడవలు చేతులు మార్చువారివలె, ఇందలి ప్రతి నోడును తన పని తాను చేసికొనుచునే పరుల భారమును మోయవలసియుండును. ఆ వరుసలో ఒకడు సొమ్మసిల్లినను, ఒకడు కావలెనని కడవను నేలపాలు చేసినను, చివర నున్నవానికి కనబడునది నీరందకపోవుట యొక్కటే. సంచారసైనికదళములకు, వరదల తుపానుల పాలైన ఊళ్లలో సహాయకార్యకర్తలకు, తంతులు చేరని పల్లెలకు ఇట్టి నెట్‌వర్కులు ఉద్దేశింపబడినవి కనుక, అవి వైఫల్యములను దాడులను తట్టుకొని ఎంతవఱకు నిలువగలవను ప్రశ్న వాటితోడనే పుట్టినది.

అర్ధశతాబ్దికి మించిన కాలముగా గణితజ్ఞులు, రేడియో ఇంజనీర్లు, కంప్యూటరు భద్రతా పరిశోధకులు ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానములు చెప్పుచు వచ్చిరి. ఆ సమాధానములు పరస్పరము పొసగకపోవుటకు లెక్కలలోని తప్పులు కారణము కావు. నెట్‌వర్కు బ్రదికియున్నదని ఎప్పుడు చెప్పవలెను, దాని నోడులు దేనికది వేరుగా చెడునా లేక కలసికట్టుగా చెడునా అను రెండు విషయములలో వారు తొలి అడుగుననే వేర్వేరు దారులు పట్టిరి. ప్రతి నమూనాలోను ఈ రెండు ఎన్నికలను వెదకి పట్టుకొన్నచో చిక్కు చాలవఱకు విడును. విడని భాగమేదో కూడ స్పష్టమగును.

పూర్వరంగము

నమ్మదగని భాగములతో నమ్మదగిన వ్యవస్థను కూర్పవచ్చునా యను ప్రశ్నకు 1956లో ఎడ్వర్డ్ మూర్, క్లాడ్ షానన్ అనువారు కూర్పవచ్చుననియే సమాధానము చెప్పిరి: తప్పులు చేయు రిలేలనే తగినన్ని తగిన రీతిని జోడించినయెడల, వలయమంతయు తప్పుచేయు సంభావ్యతను కోరినంత తగ్గింపవచ్చునని వారు చూపిరి. ఈ భావమును దేశవ్యాప్తమగు సమాచారవ్యవస్థకు వర్తింపజేసినవాడు అమెరికాలోని ర్యాండ్ సంస్థకు చెందిన పాల్ బారన్. అణుయుద్ధము సంభవించి కేంద్రములు ధ్వంసమైన పిమ్మట మిగిలిన స్థానములు పరస్పరము మాటాడుకొనగలవా యని విచారించి, 1964లో వెలువడిన తన నివేదికలలో ఆతడు, కనీసావసరమునకు మూడు నాలుగు రెట్లు లింకులు గలిగి ఏ కేంద్రముమీదను ఆధారపడని వల మిక్కిలి తీవ్రమైన దాడికి సైతము తాళునని గణించెను. ఆతడు మనుగడకు గ్రహించిన కొలత గమనింపదగినది. దాడికి తాళి నిలిచి, మిగిలినవానిలో అతిపెద్ద సమూహముతో సంబంధమును కోల్పోని స్థానములు నూటికెన్ని యనునదే ఆ కొలత. అనగా కొన్ని స్థానములు విడివడిపోయినను పెద్ద సమూహము నిలిచినంతవఱకు వల బ్రదికినట్లే.

బారన్ వల స్థిరస్థానములతో కూడినది. సందేశములను ప్యాకెట్లు అను చిన్నముక్కలుగా చేసి రేడియోలో పంపు యుగము 1971లో హవాయీ విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము నెలకొల్పిన అలోహానెట్‌తో ఆరంభమైనది. ఆ దశకముననే అమెరికా రక్షణపరిశోధన సంస్థయగు డార్పా, కదలుచున్న వాహనముల నడుమ అంచెలంచెలుగా ప్యాకెట్లను పంపు రేడియో నెట్‌వర్కును నిర్మింపజేసెను. 1983లో మొదలైన సురాన్ పథకము ఆ రేడియోలను చిన్నవిగా, చౌకగా, శత్రువుల దాడికి తాళునవిగా తీర్చుటను లక్ష్యముగా పెట్టుకొనెను.

ఈ నడుమ సిద్ధాంతమార్గమున ఒక పెద్ద అడ్డంకి బయల్పడినది. ప్రతి లింకును ఎంత సంభావ్యతతో చెడునో ముందే తెలిసియున్నను, రెండు నోడుల నడుమ దారి మిగులు సంభావ్యతను కచ్చితముగా లెక్కించుట, వల పెరిగినకొలది కంప్యూటర్లకు సైతము అసాధ్యప్రాయమగు సమస్యల కోవకు చెందినదని 1979లో లెస్లీ వాలియంట్ నిరూపించెను. కనుక పెద్ద నెట్‌వర్కుల మనుగడనుగూర్చి వెలువడిన ఫలితములన్నియు ఏదో యొక సరళీకరణముపై నిలిచినవే. అందేది అంగీకార్యమను విషయముననే తరువాతి వాదములు చెలరేగినవి.

జ్యామితి మార్గము

తంతివలయందు ఏ నోడును ఏ నోడుతో కలుపవలెనో మనమే నిర్ణయింతుము. రేడియో వలయందు దూరము నిర్ణయించును. ఈ భేదమును తొలుత గణితబద్ధము చేసినవాడు బెల్ పరిశోధనశాలకు చెందిన ఎడ్గర్ గిల్బర్ట్. 1961లో ఆతడు ప్రతిపాదించిన నమూనాలో స్థానములు సమతలముమీద యాదృచ్ఛికముగా చెదరియుండును. నియతదూరములోపల నున్న ప్రతి జంటకును లింకుండును. ఒక నోడునకు సగటున ఎన్ని పొరుగు నోడులున్నవనునదే యిందలి కీలకసంఖ్య. అది యొక హద్దును చేరువఱకు వల చిన్నచిన్న ముక్కలుగనే యుండి, దాటినంతనే ఎల్లలు లేని మహాసమూహ మొకటి ఏర్పడును. ఆ హద్దు సుమారు 4.5 అని పిమ్మటి గణనలు తేల్చినవి.

ఎన్ని పొరుగు నోడులు చాలునను ప్రశ్న దీర్ఘకాలచర్చకు మూలమైనది. 1978లో లెనార్డ్ క్లైన్‌రాక్, జాన్ సిల్వెస్టర్ అనువారు ఆరు చాలుననిరి. 1984లో హిదేయకి తకాగి, క్లైన్‌రాక్ దానిని ఎనిమిదికి సవరించిరి. ఈ సంఖ్యలు ప్యాకెట్లు గమ్యమువైపు సాగు వేగమును గరిష్ఠము చేయుటకై పుట్టినవేగాని, వల యంతయు కలసియుండునని హామీ యిచ్చుటకై పుట్టినవి కావు. 1998లో పీయూష్ గుప్తా, పీ.ఆర్. కుమార్ అనువారు ఇట్లు కలసియుండుటను, అనగా సంబద్ధతను, నేరుగా పరిశీలించి, నోడుల సంఖ్య పెరిగినకొలది సగటు పొరుగు నోడుల సంఖ్య ఆ మొత్తముయొక్క లాగరిథముకన్న హద్దులేకుండ ముందుండిననే వల ముక్కలు కాకుండునని నిరూపించిరి. 2004లో ఫెంగ్ షూయే, కుమార్ ఇంకొక యడుగు వైచి, ప్రతి నోడును తనకు సమీపమున నున్న నియతసంఖ్యాకములగు నోడులతో లింకు పెట్టుకొన్నచో, ఆ సంఖ్య లాగరిథమునకు 0.074 రెట్లకు తక్కువైన వల తప్పక విడుననియు, 5.1774 రెట్లకు మించిన తప్పక కలియుననియు చూపిరి. ఈ రెండు హద్దుల నడుమ నెడము పెద్దదే. అయినను స్థిరమగు ఏ సంఖ్యయు పెరుగుచున్న వలకు చాలదను నిజము స్థిరపడినది.

వైఫల్యములకు దీనిని అన్వయించుటలో ముఖ్యపాత్ర వహించినది మాథ్యూ పెన్‌రోజ్ 1999లో నిరూపించిన సిద్ధాంతము. ఏ నోడులైనను కొన్నింటిని తొలగించినను విడిపోని వలను బహుగుణసంబద్ధ మందురు. యాదృచ్ఛిక రేడియో వలయందు ప్రసారదూరమును క్రమముగా పెంచుచు పోయినయెడల, ప్రతి నోడునకును కావలసినన్ని పొరుగు నోడులు సమకూడిన క్షణముననే, దాదాపు నిశ్చయముగా, వల యంతయు ఆ గుణమున సంబద్ధమగునని ఆతడు చూపెను. ఇది పరిశోధకులకు మహోపకారము చేసినది. వల యంతటి గుణమును తెలిసికొనుటకు ఒక్కొక్క నోడు చుట్టుప్రక్కల చూచిన చాలును.

ఈ సౌలభ్యము ఎంతటిదో, అందలి చిక్కెట్టిదో ఒక చిన్న లెక్క చూపగలదు. 500 నోడులు, ఒక్కొక్కదానికి సగటున 10 పొరుగు నోడులు గల వలను ఊహించి, అంచులవద్ద నుండు నోడులకు కలుగు లోటును ప్రక్కకు పెట్టుదము. ఏ నోడును ఏకాకి కాకుండు సంభావ్యత నూటికి 98 పాళ్లు. యాదృచ్ఛికముగా నూటికి 40 నోడులు చెడినయెడల మిగిలిన 300 నోడులకు సగటున 6 పొరుగు నోడులు మిగులును. అందేదియు ఏకాకి కాకుండు సంభావ్యత నూటికి 48కి దిగజారును. అందఱును కలసియుండిననే వల బ్రదికినట్లని యెంచువానికి ఈ వల చావుబ్రదుకుల నడుమ నున్నది. బారన్ కొలతను గ్రహించినవానికో, 6 అను సంఖ్య 4.5 అను హద్దుకన్న చాల మీద నున్నది కనుక మహాసమూహము చెక్కుచెదరలేదు, వల క్షేమముగనే యున్నది. వల యొక్కటే, విపత్తు నొక్కటే, తీర్పులు రెండు.

వృత్తమును ప్రశ్నించినవారు

పై ఫలితములన్నియు రేడియో ప్రసారము కచ్చితమైన వృత్తములో సాగునను భావనపై నిలిచినవి. డార్ట్‌మత్ కళాశాలకు చెందిన డేవిడ్ కోట్జ్, ఆతని సహచరులు 2004లో ఈ భావనను ఆరు అపోహలుగా విడదీసి ఆరుబయటి ప్రయోగములతో పరీక్షించిరి: భూమి చదునుగా నున్నదనియు, ప్రసారక్షేత్రము వృత్తమనియు, అన్ని రేడియోల శక్తి సమానమనియు, నీ మాట నాకు వినబడినచో నా మాటయు నీకు వినబడుననియు, వినబడినది పూర్తిగా వినబడుననియు, సంకేతబలము దూరమునుబట్టియే మాఱుననియు తలచుట. వీనిలో నేదియు వాస్తవమునకు నిలువలేదు. మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జి నగరమున ఇండ్లకప్పులమీద నెలకొల్పిన రూఫ్‌నెట్ అను 38 నోడుల నెట్‌వర్కుపై జరిగిన కొలతలును ఇదే చెప్పినవి: లింకులు ఉండుటయో లేకుండుటయో కాక, అనేకములు సగము ప్యాకెట్లను పోగొట్టుకొనుచు నడుమనే వేలాడుచుండును, దూరమును చూచి వాని గుణమును ఊహింపజాలము.

ఈ విమర్శ జ్యామితి మార్గమును కూల్చివైచెనని తొందరపడి చెప్పినవారున్నారు, అది సరికాదు. గోడలు, చెట్లు కలిగించు సంకేతహ్రాసమును చేర్చి సంబద్ధతను తిరిగి లెక్కించిన క్రిస్టియన్ బెట్‌స్టెట్టర్, క్రిస్టియన్ హార్ట్‌మన్ మొదలగువారు తొలుత నమ్మశక్యము కాని ఫలితమును కనుగొనిరి: ప్రసారమునందలి ఈ క్రమరాహిత్యము కొన్ని పొట్టి లింకులను తెంపుచునే కొన్ని పొడవైన లింకులను కలిగించును గనుక, వల మొత్తముమీద ఎక్కువ సంబద్ధమగును. అనగా వృత్తపు నమూనా ఈ యొక్క విషయమున నిరాశావాదము వైపే మొగ్గినది. ఒకరి ప్రసారము మఱొకరికి ఆటంకమగుటను లెక్కలో చేర్చినపుడు మాత్రము ఈ యూరట నిలువదు. నోడులు మఱీ దట్టమైనచో లింకులు తెగుట మొదలగునని ఒలివియే దూస్, ఫ్రాంస్వా బాచెల్లి, పాట్రిక్ తిరాన్ అనువారు చూపిరి.

కదలిక విషయమున విమర్శ ఇంకను తీక్ష్ణము. యాదృచ్ఛికముగా గమ్యము నెన్నుకొని యాదృచ్ఛికవేగముతో పోవు నోడుల నమూనా అనేక వ్యాసములలో వాడబడినది. వేగమునకు కనిష్ఠపరిమితి సున్నాగా నుండినచో సగటు వేగము కాలక్రమమున సున్నావైపు జాఱుచుండునని 2003లో యూన్, ల్యూ, నోబుల్ అనువారు నిరూపించినపుడు, అంతకుముందు ప్రకటితములైన పోలికలలో నెన్ని నిలుచునో తెలియని స్థితి యేర్పడినది.

వైఫల్యమునకును దాడికిని గల అంతరము

2000లో రేకా ఆల్బర్ట్, హావూంగ్ జియోంగ్, ఆల్బర్ట్ లాస్లో బరబాసి అను ముగ్గురు ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన వ్యాసము ఈ రంగమును గాఢముగా ప్రభావితము చేసినది. కొన్ని మహానోడులకు అపారముగా లింకులు గల వలలు యాదృచ్ఛికవైఫల్యములకు అద్భుతముగా తాళును. ఆ మహానోడులనే ఎంచి కొట్టినచో వెంటనే కూలును. ఈ సూత్రమును అడ్‌హాక్ నెట్‌వర్కులకు యథాతథముగా తెచ్చుట పొరపాటు. రేడియో వలయందు ఏ నోడునకును సగటుకన్న మిక్కిలి యెక్కువ పొరుగు నోడులు ఉండజాలవు; కనుక లింకుల లెక్కను బట్టి లక్ష్యము నెన్నుకొను శత్రువునకు పెద్దలాభము లేదు. ఇచట బలహీనస్థానములు భౌగోళికములు: రెండు గుంపుల నడుమ సన్నని వంతెనవలె నిలిచిన కొలది నోడులే. అయితే కటలోనియాలో 2004లో మొదలై వేలకొలది నోడులకు విస్తరించిన గీఫీనెట్ వంటి ప్రజానెట్‌వర్కులలో కొన్ని సూపర్‌నోడుల చుట్టును ఇండ్లరేడియోలు గుమిగూడియుండును. ఆచరణలో పెరిగిన వల సిద్ధాంతములోని సమతలవితరణమునకును, బరబాసి చెప్పిన వలకును నడుమ నెచటనో నిలుచును.

అంతకన్న లోతైన భేద మొకటి గలదు. తంతివలయందు దాడియనగా నోడును తొలగించుట. అడ్‌హాక్ వలయందలి శత్రువు నోడును తొలగింపడు. తానే నోడుగా చేరును. అన్ని గమ్యములకును దగ్గఱిదారి తనదేయని చాటి, వచ్చిన ప్యాకెట్లను మ్రింగివేయు నోడును కృష్ణబిల మనిరి. ఒకే పరికరము అనేక నోడులుగా నటించుట సిబిల్ దాడి. దీనిని 2002లో జాన్ డౌసర్ వివరించెను. దూరదూరమున నున్న ఇరువురు కుట్రదారులు రహస్యమార్గమున ప్యాకెట్లను చేరవేసి, ఎడమెడముగా నున్న నోడులను పొరుగువని భ్రమింపజేయుట వర్మ్‌హోల్ దాడి; దీనికి 2003లో యీచున్ హూ, ఆడ్రియన్ పెరిగ్, డేవిడ్ జాన్సన్ ప్రతిక్రియను సూచించిరి. రేడియో తరంగములనే చెదరగొట్టు జామర్లనుగూర్చి చెప్పనక్కఱలేదు.

పై 500 నోడుల వలకే తిరిగి రండు. అందు నూటికి 3 నోడులు మాత్రమే కృష్ణబిలము లనుకొందము. తన చుట్టును నున్న పది నోడులలో ఒక్కటియైన కృష్ణబిలమగు నోడులు నూటికి 26. అనగా 15 ద్రోహులు రమారమి 126 మంది పొరుగున కాచుకొనియుందురు. చెడిన పొరుగు నోడులు ఒకనిని ఏకాకిని చేయవలెనన్న అన్నియు చెడవలెను. కృష్ణబిల మొక్కటి యుండిన చాలును, ఆ దగ్గఱిదారి ప్రకటనను నమ్మినవాని ప్యాకెట్లన్నియు అందే పడును. నూటికి 40 చావులను సహించిన వల నూటికి 3 ద్రోహములకు నాలుగవవంతు ప్రమాదమున పడుచున్నది. వైఫల్యమునకు వేసిన లెక్కలో కొంత శాతము పెంచి దాడియని పేరు పెట్టిన వ్యాసములను ఈ కారణముచేతనే అంగీకరింపజాలము.

కొలతలే మోసపుచ్చు ఘట్టములును గలవు. వర్మ్‌హోల్ వలయందలి లింకుల సంఖ్యను పెంచును కనుక, సంబద్ధతను మాత్రమే చూచువానికి దాడి జరిగిన వల దాడికి ముందుకన్న ఆరోగ్యముగా కనబడును. 2004లో ఇమాద్ ఆద్, జాన్ పియెర్ హ్యూబో, ఎడ్వర్డ్ నైట్లీ పరిశీలించిన జెల్లీఫిష్ దాడి ఇంకను చిత్రము. ఈ నోడు నియమములన్నియు పాటించుచునే ప్యాకెట్ల వరుసను తారుమాఱు చేయును, ఆలస్యపఱచును, అప్పుడప్పుడు జాఱవిడుచును. ప్యాకెట్ల వేగమును క్రమపఱచు టీసీపీ నియమావళి దానిని రద్దీగా భ్రమించి వేగమును తగ్గించుకొనును. బహుదూరపు సందేశము లిట్లు అడుగంటగా, ఒకే అంచెలో ముగియు సందేశములకు తరంగములన్నియు దక్కి, వల మోయు మొత్తము ప్యాకెట్ల సంఖ్య పెరుగవచ్చునని వారు చూపిరి. ఊరికి ఆవలనున్నవారితో మాటలేదు, ఇరుగుపొరుగుల సల్లాపము మాత్రము హెచ్చినది. అట్టి వల వర్ధిల్లుచున్నదని లెక్క చెప్పుచున్నది. ఈ వ్యాసము పిమ్మట మొత్తము ప్యాకెట్లను మాత్రమే కొలిచి మనుగడనుగూర్చి తీర్పు చెప్పుట సమర్థనీయము కాదని నా దృఢాభిప్రాయము.

దాడిని గుర్తించు ఉపాయములలో ప్రసిద్ధమైనది 2000లో సెర్జియో మార్తీ బృందము ప్రతిపాదించిన వాచ్‌డాగ్: తాను పంపిన ప్యాకెట్టును పొరుగు నోడు ముందునకు పంపినదో లేదో చెవియొగ్గి వినుట. నూటికి 40 నోడులు చెడుగా ప్రవర్తించుచున్న వలయందు దీనిని, చెడునోడులను తప్పించి దారి నెన్నుకొను పద్ధతితో కలిపి వాడుటవలన ఫలప్రదప్రసారము నూటికి 17 పెరిగినదని వారు కంప్యూటరు అనుకరణములలో చూపిరి. తరంగముల తాకిడివలన వినబడని ప్యాకెట్టునకును, కుట్రచే పంపని ప్యాకెట్టునకును భేదము చెప్పుట కష్టమని, ఇరువురు కలసి చేయు మోసమును ఇది పట్టజాలదని వారే స్పష్టముగా వ్రాసికొనిరి. ఆ నిజాయితీ మెచ్చదగినది.

శత్రుత్వము లేక బ్యాటరీ పొదుపుకై పరుల ప్యాకెట్లను మోయనొల్లని స్వార్థపరులనుగూర్చి క్రీడాసిద్ధాంతవాదులు విస్తారముగా వ్రాసిరి. విక్రమ్ శ్రీనివాసన్ మొదలగువారు 2003లో, ఇచ్చిపుచ్చుకొను ఉదారవ్యూహము సహకారమును నిలుపగలదనిరి. 2006లో మార్క్ ఫెలెగ్యాజి, హ్యూబో, లెవెంటె బుట్యాన్ అనువారు ప్రోత్సాహకము లేని సహకారమునకు కావలసిన పరిస్థితులు వాస్తవవలలలో అరుదుగా నెరవేఱునని చూపిరి. రెండవపక్షమే బలవత్తరముగా తోచుచున్నది.

కాలమును లెక్కలోనికి తెచ్చినవారు

1997లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమున రాబర్ట్ ఎల్లిసన్ బృందము, దాడులు, వైఫల్యములు, ప్రమాదములు సంభవించినను వ్యవస్థ తన కర్తవ్యమును సకాలమున నెరవేర్చు శక్తియే మనుగడయని నిర్వచించెను. ఈ నిర్వచనమున ‘కర్తవ్యము’, ‘సకాలమున’ అను రెండు మాటలు జ్యామితివాదుల లెక్కలలో లేనివి. వీనికి సంఖ్యారూపమునిచ్చు యత్నము 2002లో డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన కిశోర్ త్రివేది, ఆతని సహచరులు అడ్‌హాక్ నెట్‌వర్కులనే యుదాహరణముగా గైకొని చేసిరి: వైఫల్యము సంభవించిన క్షణమునుండి వ్యవస్థ కుదుటపడువఱకు అదనముగా నష్టమైన ప్యాకెట్లెన్ని, ఆ నష్ట మెంతకాలము సాగినది అని వారు కొలిచిరి. గాయమెంత లోతను ప్రశ్నతోపాటు అది మానుట కెన్నాళ్లను ప్రశ్నయు ఇట్లు చేరినది.

జ్యామితిని, ద్రోహమును, కాలమును ఒక్కచోట కూర్చిన నమూనాలలో ప్రముఖమైనది నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయమునకు చెందిన ఫే షింగ్, వెన్యే వాంగ్ అనువారు నిర్మించి, 2010లో సమగ్రరూపమున ప్రకటించినది. ప్రతి నోడును సహకారి, స్వార్థపరుడు, ద్రోహి, విఫలుడు అను నాలుగు స్థితులలో నొకదానియందుండి, కాలక్రమమున ఒకదానినుండి మఱొకదానికి మాఱుచుండును. ఏ స్థితిలో నెంతకాలము నిలుచుననుటకు ఏ వితరణమునైనను అంగీకరించు అర్ధమార్కోవ్ ప్రక్రియను వారు గ్రహించిరి. బ్యాటరీ క్షయించు రీతి, దాడి పట్టుబడు రీతి ఒకే సూత్రమునకు లొంగవు గనుక ఇది వివేకవంతమైన యెన్నిక. ఈ ప్రక్రియనుండి సహకారులగు పొరుగు నోడుల సంఖ్యను రాబట్టి, పెన్‌రోజ్ మార్గమున, సక్రియములగు నోడులు కోరిన గుణమున సంబద్ధములై యుండు సంభావ్యతయే మనుగడయని వారు గణించిరి.

ద్రోహము అంటువ్యాధివలె వ్యాపించునని తలచినవారు వేఱొక శాఖ. 1927నాటి కెర్మాక్, మెకెండ్రిక్‌ల వ్యాధి సమీకరణములను 2006లో ప్రదీప్ దే, యోంగ్ హే ల్యూ, సజల్ దాస్ అనువారు సెన్సరు నెట్‌వర్కులకు వర్తింపజేసి, పట్టుబడిన నోడునుండి రహస్యకీలకములు చేజిక్కించుకొన్న శత్రువు పొరుగు నోడులను లోబఱచుకొనుచు పోవు విధమును లెక్కించిరి. ఈ శాఖ నోడుల పరస్పరస్వాతంత్ర్యమను భావనను విడనాడినది. అదియే దాని ప్రధానగుణము.

మార్గముల తారతమ్యము

జ్యామితివాదుల ఫలితములు నిరూపితములు, పెద్దవలలకు విశేషముగా వర్తించునవి. కాని అవి ఒక క్షణపు ఛాయాచిత్రములు, అందు శత్రువునకు బుద్ధిలేదు. భద్రతావాదులు శత్రువు బుద్ధిని ఎఱుగుదురు. వారి ఫలితములు మాత్రము ఒక్కొక్క దాడికి, ఒక్కొక్క రూటింగు (దారి వెదకు) పద్ధతికి పరిమితములై, పద్ధతి మాఱినంతనే పాతబడును. క్రీడాసిద్ధాంతము స్వార్థమును చక్కగా వివరించుచు, తన లాభమునుకూడ లెక్కింపని ధ్వంసకుని యెదుట నిరాయుధమగును. మార్కోవ్ మార్గము అన్నింటికిని చోటిచ్చును. కాని స్థితినుండి స్థితికి మాఱు వేగములను ఎవరైన బయటినుండి తెచ్చి యివ్వవలెను, పైగా ఒక నోడు మార్పునకును దాని పొరుగు నోడు మార్పునకును సంబంధము లేదనియే ఆ గణన తలచును. అంటువ్యాధి మార్గము ఈ సంబంధమునే ప్రధానముగా గ్రహించి, జ్యామితిని తఱచుగా సగటులలో ముంచివేయును. నగరమునకు ఎన్ని రేడియోలు కొనవలెనని యడుగు అధికారికి మొదటిమార్గమును, తుపాను మఱునాడు ఎన్ని గంటలలో కోలుకొందుమని యడుగువానికి మార్కోవ్ మార్గమును చూపుట ఉచితము; ఒకదానిని మఱొకదానికి ప్రత్యర్థిగా నిలుపుట వ్యర్థవివాదము.

తీరని విషయములు

అన్నింటికన్న పెద్దది కలసికట్టు వైఫల్యము. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నమును తాకినపుడు కూలిన స్తంభములతో విద్యుత్తు పోయి, సెల్ టవర్లు ప్రాంతములకు ప్రాంతములే మూగబోయినవి. ఆ సెల్ వల అడ్‌హాక్ నెట్‌వర్కు కాదు. కాని అడ్‌హాక్ నెట్‌వర్కు ఎట్టినాడు అక్కఱకు రావలెనో దాని పతనము చెప్పినది. అట్టినాడు నూటికి నలువది నోడులు అచటొకటి ఇచటొకటిగా చెడవు, ఒక వాడ యంతయు చెడును. ఒక నియతప్రాంతములోని నోడులన్నియు ఒక్కమాఱు పోయినచో వల విడునా యని విచారించు ప్రాంతీయసంబద్ధతా నమూనాను అరుణాభ సేన్ మొదలగువారు ప్రతిపాదించిరి; దానిని కాలముతోను, ద్రోహముతోను కలిపిన సమగ్రసిద్ధాంతము ఇంకను స్థిరపడలేదు.

కలసికట్టుగా చెడుటకు భౌగోళికసామీప్యమే యక్కఱలేదు. అన్ని నోడులలోను ఒకే సాఫ్ట్‌వేర్ నడచుచుండుట చాలును. నిరసనకారులు వాడిన బ్రిడ్జిఫై అను బ్లూటూత్ మెష్ యాప్ నాటి రూపమును పరీక్షించి, లండన్ విశ్వవిద్యాలయపు రాయల్ హాలోవే కళాశాల పరిశోధకులు 2020లో, కుయుక్తితో కూర్చిన ఒకే యొక సందేశముతో వల నంతటిని స్తంభింపజేయవచ్చునని చూపిరి. పొరుగు నోడుల సంఖ్య పదియైనను నూఱైనను అట్టి దాడికి లెక్కలేదు. సంబద్ధత ఎక్కువైనకొలది ఆ సందేశము మఱింత త్వరగా వ్యాపించును. బహుగుణసంబద్ధతయే రక్షణయని నమ్మిన నమూనా లన్నింటికిని ఇది సమాధానము చెప్పుకొనవలసిన ప్రశ్న.

వల విడుటయే చావా యను సందేహమును గలదు. కదలుచున్న నోడులు సందేశమును తమయొద్ద దాచి, పిమ్మట కలసిన నోడునకు అందింపవచ్చును. 2001లో మథియాస్ గ్రాస్‌గ్లౌజర్, డేవిడ్ త్సే కదలికయే వల సామర్థ్యమును పెంచునని నిరూపించిరి, 2003లో కెవిన్ ఫాల్ ఆలస్యమును సహించు నెట్‌వర్కుల నిర్మాణమును ప్రతిపాదించెను. ఒక్కక్షణమైనను పూర్తిగా కలసియుండని వల సాయంకాలమునకు అన్ని సందేశములను చేర్పగలదు. అట్టిదాని మనుగడను సంబద్ధతతో కొలువజాలము. ఏ సందేశమునకు ఎంత ఆలస్యము సహ్యమో వాడుకరి చెప్పవలెను.

ఇక ఆధారముల కొఱత. 2000 మొదలు 2005 వఱకు ఈ రంగపు మోబీహాక్ సదస్సులో వెలువడిన వ్యాసములను స్టువర్ట్ కుర్కోవ్‌స్కీ, ట్రేసీ క్యాంప్, మైకేల్ కొలగ్రోసో పరిశీలించి, తిరిగి చేసి చూచుటకు వీలైనవి నూటికి 15 కన్న తక్కువ యని తేల్చిరి. అనుకరణముల స్థితియే యిట్లుండగా, పనిచేయుచున్న నెట్‌వర్కుల వైఫల్యచరిత్రలు ఇంకను అరుదు. అట్టివానిలో అమూల్యమైనది బర్కిలీ పరిశోధకులు 2008లో ప్రకటించిన వ్యాసము. తమిళనాడులోని అరవింద్ కంటి ఆస్పత్రుల నెట్‌వర్కును, ధర్మశాలలోని ఎయిర్‌జాల్దీ నెట్‌వర్కును సంవత్సరములతరబడి నడిపి, వానిని తఱచుగా పడగొట్టినది వోల్టేజి ఒడుదుడుకులనియు, చెడినదేమో దూరమునుండి గుర్తింపలేకపోవుటయు, మరమ్మతుకు తెలిసినవాడు సమీపమున లేకపోవుటయు ఆ పాటును దీర్ఘము చేసినవనియు వారు వ్రాసిరి. మన పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ పల్లెలను కలుపుటకు నెలకొల్పిన అశ్విని నెట్‌వర్కు లింకులపైనను ఐఐటీ పరిశోధకులు కొలతలు తీసిరి. అవి సంకేతముల గుణమునకు సంబంధించినవి. ఏ పల్లె రేడియో ఏ నాడు చెడినది, ఏ కారణమున, ఎన్నాళ్లకు బాగైనది, దానితోపాటు ఇంకేవి చెడినవి అను పట్టిక వేఱు. షింగ్, వాంగ్‌ల నమూనాలో విఫలస్థితినుండి సహకారస్థితికి మరలివచ్చు బాణముమీద వ్రాయవలసిన సంఖ్య అట్టి పట్టికలోనే దొరకును. ద్రోహస్థితికి పోవు బాణముమీద వ్రాయవలసిన సంఖ్యకు అట్టి పట్టికయు లేదు, ఏలయన పట్టుబడని ద్రోహి ఏ పట్టికలోను ఎక్కడు.